మెడలో తొలి బిళ్ల

పల్నాటి పొలాల్లో అరికాలిలో ముల్లు విరిగి చీము పడితే గజ్జలో బిళ్ల కడుతుంది. ఈ సంగతి ఏ బడీ నేర్పలేదు. గజ్జలో నొప్పి అనగానే ఇంట్లో పెద్దామె ‘ఏదీ, కాలు చూపించు’ అంటుంది. పుండు ఒకచోట, దాని కబురు ఇంకోచోట. ఒంట్లో కంటికి ఆనని కాలువలు కొన్ని ఉన్నాయనీ, అవి తమ దారినే పోతాయనీ పల్లెకు అనుభవం మీద తెలుసు.

అమెరికా వైద్యుడు డొనాల్డ్ మోర్టన్ ఆ దారినే నమ్ముకుని క్యాన్సర్ పరీక్ష ఒకటి రూపొందించాడు. మెలనోమా అంటే చర్మానికి రంగునిచ్చే కణాల్లో పుట్టే క్యాన్సర్. నల్లమచ్చగా మొదలై, ఆ కాలువల గుండానే, అంటే లింఫు కాలువల గుండా, దగ్గరి గ్రంథులకు, అదే ఆ బిళ్లలకు, పాకుతుంది. పాకిందో లేదో తేలకముందే గ్రంథులన్నీ తీసేయాలా, వాచేదాకా ఆగాలా అని సర్జన్లు ఏళ్ల తరబడి వాదించుకున్నారు. మచ్చ ఉన్నచోట నీలిరంగు ఎక్కించి, అది ముందుగా చేరిన గ్రంథిని మాత్రమే తీసి చూసే పద్ధతిని 1992లో మోర్టన్ బృందం ప్రచురించింది. ఆ తొలి గ్రంథి శుభ్రంగా ఉంటే వెనకున్నవీ శుభ్రంగా ఉండే అవకాశమే ఎక్కువ. దీన్నే సెంటినెల్ నోడ్ బయాప్సీ అంటున్నారు. రోగం ఏ దశలో ఉందో తేల్చడంలో ఇది కీలకం.

చేతికో కాలికో మచ్చ వస్తే ఈ వెతుకులాట తేలిక. తల దగ్గరే చిక్కంతా. మాచర్ల దాటి ఎత్తిపోతలకు వెళ్లినవారికి దీన్ని విడమర్చి చెప్పనక్కర్లేదు. చంద్రవంక, నక్కలవాగు, తుమ్మలవాగు కలిసి అక్కడ 70 అడుగుల ఎత్తు నుంచి దూకుతాయి. కింద నిలబడి ఏ నీరు ఏ వాగుదో చెప్పడం ఎవరి తరం? పైన వాగులో రంగు కలిపి చూడాల్సిందే. ఒంట్లో ఉన్న లింఫు గ్రంథుల్లో దాదాపు మూడో వంతు తల, మెడ ప్రాంతంలోనే కిక్కిరిసి ఉంటాయి. మాడు మీది మచ్చ చెవి ముందుకు పారొచ్చు, మెడ వెనక్కి పోవచ్చు, ఒక్కోసారి అవతలి పక్కకూ దాటొచ్చు. పైగా ఆ చెవి ముందే, గవదబిళ్లలప్పుడు వాచే పరోటిడ్ అనే లాలాజల గ్రంథిలోంచి, ముఖాన్ని కదిలించే నరం పోతుంది. కత్తి వెంట్రుకవాసి తప్పినా నవ్వు వంకరపోతుంది. అందుకే రంగుతోబాటు కొద్దిగా రేడియోధార్మిక టెక్నీషియం కూడా ఎక్కించి, శబ్దం చేసే గామా ప్రోబ్‌తో గ్రంథి చోటు పట్టుకుని, అక్కడే చిన్న కోత పెడతారు.

నిజానికి మెలనోమా మనకు అరుదు. తెల్లచర్మం వారికి ఎండ తెచ్చిపెట్టే రోగమది. మనలో వస్తే ఎక్కువగా ఎండ తగలని అరికాల్లో, గోటి కింద, అంగిట్లో, ముక్కు లోపల వస్తుంది. అరికాలి నల్లమచ్చను ఆనెకాయ అనుకుని బ్లేడుతో చెక్కుకునేవాళ్లున్నారు. మెడ గ్రంథుల గొడవ మన ఇళ్లలోకి ఎక్కువగా వచ్చేది నోటి క్యాన్సర్ వెంట. గుట్కా, ఖైనీ, చుట్ట పుణ్యమది.

ఇక్కడ ముంబయి టాటా మెమోరియల్ ఆసుపత్రి ప్రపంచానికే పాఠం చెప్పింది. నోటి క్యాన్సర్ తొలిదశలో, మెడలో గడ్డ తగలకపోయినా గ్రంథులు ముందే తీయాలా, కనిపించాక తీయాలా అని అనిల్ డిక్రూజ్ బృందం రోగులను రెండు జట్లుగా చేసి చూసింది. తొలి 500 మంది ఫలితాలు 2015లో వచ్చాయి. ముందే తీసినవారిలో మూడేళ్లకు 80 శాతం మంది బతికి ఉన్నారు; ఆగి చూసినవారిలో 67.5 శాతమే. అలాగని మెలనోమాకూ ఇదే సూత్రం పట్టించకూడదు. తొలి గ్రంథిలో రోగం తేలినా మిగతావన్నీ తీయడం వల్ల ఆయుష్షు పెరగలేదని 2017లో మరో పెద్ద అధ్యయనం తేల్చింది. అన్నీ తీయించుకున్నవారిలో వాపు బాధ 24 శాతం మందికి, తీయించుకోనివారిలో 6 శాతానికి. నోటి క్యాన్సర్‌లోనూ తొలి గ్రంథి పరీక్షతో మొదలుపెట్టడం మెడంతా శుభ్రం చేయడానికి తీసిపోదని 2020లో ఫ్రాన్స్ వైద్యులు చూపించారు. తొలి నెలల్లో మెడ, భుజం ఇబ్బంది తక్కువని కూడా చెప్పారు. మిరప టిక్కీలు మోసే మనిషికి భుజం లేవడమంటే కూలి. ఆ లెక్క సర్జన్ చెప్పకపోతే ఇంటివాళ్లు అడిగి తెలుసుకోవాలి.

కానీ అడిగేదాకా వచ్చేవాళ్లెందరు? ‘ముక్క పరీక్ష చేయిస్తే పాకుద్ది, కత్తి తగిలితే ముదురుద్ది’ అనే మాట ఊరూరా ఉంది. దాన్ని వెక్కిరించి లాభం లేదు. జనం ఆసుపత్రికి వెళ్లేసరికే రోగం ముదిరిపోయి ఉంటుంది. పరీక్ష తర్వాత మనిషి కుంగిపోవడం అందరి కళ్లకూ కనిపిస్తుంది, అంతకు ముందు లోపల జరిగింది ఎవరికీ కనిపించదు. నింద సూది మీద పడుతుంది. అందులో ఒక పిసరు నిజమూ లేకపోలేదు. మెడలో గడ్డ కనిపించగానే నోరు, గొంతు చూడకుండా, ముందు సన్నని సూదితో పరీక్షించకుండా నేరుగా కోసేయడం తప్పని వైద్యశాస్త్రమే అంటుంది. తొలి గ్రంథి బయాప్సీ అలాంటి తొందరపాటు కాదు. చేతికి ఏ గడ్డా తగలనప్పుడు దారి చూసుకుని చేసేది.

అయితే ఇది అన్నిచోట్లా దొరకదు. టెక్నీషియంలాంటి ఐసోటోపులు, గామా ప్రోబ్, గ్రంథిని సన్నని పొరలుగా కోసి మైక్రోస్కోపు కింద వెతికే పాథాలజిస్టు, అన్నీ ఒకచోట కుదరాలి. గుంటూరు ప్రభుత్వాసుపత్రిలో క్యాన్సర్ కేంద్రం వచ్చాక మాచర్లవాళ్లకు కొంత దూరం తగ్గింది. ఈ పరీక్ష కోసం పెద్ద నగరం దాకా పోవాల్సి వస్తే, ఎక్కడ చేస్తారో చెప్పి పంపే బాధ్యత జిల్లా వైద్యులదే.

వాళ్లు చెప్పాల్సిన చిన్న సంగతి ఇంకొకటుంది. ఆ నీలిరంగు ఒంట్లోంచి పోయేదాకా, అంటే ఒకటి రెండు రోజులు, మూత్రం ఆకుపచ్చగానో నీలంగానో రావచ్చు. అది మామూలే. ముందుగా ఎవరూ చెప్పకపోతే మాత్రం, ‘విషం ఎక్కింది, చెప్పానా’ అనే బంధువు వార్డులో తప్పకుండా ఒకరుంటారు.