వదిలే గాలిని చూసి కొనండి

పిల్లలకు తుమ్ములు, పిల్లికూతలు వస్తున్నాయని వ్యాక్యూమ్ క్లీనర్ కొనేవారు ముందుగా చూసేది వాట్లు, ధర. అసలు చూడాల్సింది అది తిరిగి గదిలోకి వదిలే గాలిని. వడపోత సరిగా లేకపోతే నేల మీది సన్నటి ధూళి కాస్తా ముక్కు దాకా లేస్తుంది.

0.3 మైక్రాన్ల కణాల్లో 99.97 శాతాన్ని ఆపే హెపా ఫిల్టర్, సందుల్లోంచి గాలి జారిపోకుండా గట్టి సీల్ ఉన్నదే ఎంచుకోండి. ‘హెపా టైప్’ అన్న మాటకు ఆ హామీ ఉండదు. డబ్బా ఉన్నదాని కన్నా పారేసే సంచి ఉన్నది మేలు. దులపాల్సిన పని లేదు కాబట్టి దుమ్ము రేగదు.

అయితే పరుపుల్లోని డస్ట్ మైట్స్ ఏ యంత్రానికీ పూర్తిగా లొంగవు. దుప్పట్లు, దిండు గలీబులు వారానికోసారి 60 డిగ్రీల వేడినీటిలో ఉతకాల్సిందే. క్లీనర్ వచ్చింది కదా అని డాక్టర్ రాసిన ఇన్‌హేలర్ మాత్రం మానిపించొద్దు.