ఆ కారును ఒక్కసారి చూడనివ్వండి

మా అపార్ట్‌మెంట్లో రెండో అంతస్తు అమ్మాయికి పంతొమ్మిదేళ్లు. ట్యూషన్లు చెప్పి దాచుకున్న డబ్బుకి వాళ్ల నాన్నగారు మరికొంత కలిపి సెకండ్‌హ్యాండ్ ఆల్టో కొనిపెట్టారు. పోయిన నెల అశోక్‌నగర్‌లో స్టీల్ బ్రిడ్జి కింద రాంగ్ రూట్లో వచ్చిన డీసీఎం వ్యాను దాన్ని గుద్దేసింది. అమ్మాయికి చెయ్యి విరిగింది. కారు ముందు భాగమంతా లోపలికి పోయింది. పరామర్శకు వెళ్లినవాళ్లందరూ ఒకటే మాట: కారుదేముందమ్మా, రేపైనా కొనుక్కోవచ్చు, నువ్వు దక్కావు, అంతే చాలు. ఆ పిల్ల తలూపుతూ గోడకేసి చూస్తోంది. నేను బయటికొస్తుంటే వాళ్ల నాన్నగారు మెట్ల దగ్గర ఆపి, “తుక్కు కొనేవాళ్లు శనివారం వచ్చి ఎత్తుకెళ్తామన్నారండీ. అమ్మాయిని మాత్రం కారున్న షెడ్డు వైపు తీసుకెళ్లను. చూస్తే తట్టుకోలేదు” అన్నారు.

తీసుకెళ్లండి అన్నాను. మెట్ల మీద నిలబడి అంతకంటే చెప్పలేకపోయాను. ఇలాంటి నాన్నలు ఈ ఊళ్లో చాలామంది ఉంటారు కనక మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

నా మొదటి కారు తెల్ల మారుతీ 800. 1994లో తాతయ్య కొన్నారు. ఏజీ ఆఫీసులో పనిచేసినన్నాళ్లూ బస్సులో వెళ్లొచ్చిన మనిషి, రిటైరయ్యాక వచ్చిన డబ్బులో మొదట కొన్న వస్తువు అదే. చిక్కడపల్లి వెంకటేశ్వరస్వామి గుడికి దగ్గర్లో సందులో మా ఇల్లు. ఆ సందులోంచి రివర్స్‌లో కారు బయటికి తీయగలిగితే హైదరాబాద్‌లో ఎక్కడైనా నడపొచ్చనేవారు. నాకు పద్దెనిమిది నిండగానే తెల్లవారుజామున ఎన్టీఆర్ స్టేడియం చుట్టూ తిప్పి నేర్పించారు. ఇందిరా పార్కులో నడవడానికి వచ్చేవాళ్లు తప్ప ఆ వేళకి రోడ్డు మీద ఎవరూ ఉండరు. చలికాలంలో చోక్ లాగి స్టార్ట్ చేయాలి. ఇంజన్ వేడెక్కాక చోక్‌ను మెల్లిగా లోపలికి నెట్టాలి. ఎప్పుడు నెట్టాలో చెవికి తెలియాలి. ఆ చప్పుడు మారే క్షణం కోసం ఇద్దరం మాటలాపి వినేవాళ్లం. బెల్టు పెట్టుకోనిదే తాళం తిప్పనిచ్చేవారు కాదు.

లైసెన్సు వచ్చిన రోజు తాళాలు నా చేతిలో పెట్టి, “ఇక నీదేనే అమ్మలూ” అన్నారు. త్యాగరాయ గానసభలో కచేరీ ఉంటే మోకాళ్ల నొప్పుల అమ్మమ్మని నేనే తీసుకెళ్లి గుమ్మం దగ్గర దింపేదాన్ని. సుదర్శన్‌లో సెకండ్ షో చూడాలంటే అన్నయ్య ఖాళీగా ఉన్నాడా లేడా అని కనుక్కోవాల్సిన అవసరం పోయింది. సిటీ సెంట్రల్ లైబ్రరీ మూసేదాకా కూర్చుని చదువుకుని, చీకటి పడ్డాక ఒక్కదాన్నే ఇంటికి రాగలిగాను. ఆడపిల్లకి ఆ వయసులో ఇది ఎంత పెద్ద సంగతో, రాత్రి ఎనిమిదయ్యేసరికి అశోక్‌నగర్ హాస్టళ్లకి పరుగులు పెట్టే గ్రూప్స్ అమ్మాయిలకు చెప్పక్కర్లేదు.

2007 వానాకాలంలో ఒక తెల్లవారుజామున నాన్నని కాచిగూడ స్టేషన్లో దింపి వస్తున్నాను. నారాయణగూడ వైఎంసీఏ దగ్గర ఎర్ర లైటు పడితే ఆగాను. వెనకొచ్చే నీళ్ల ట్యాంకర్ ఆగలేదు. కారును డివైడర్ మీదికి నెట్టేసింది. కాలర్ బోను విరిగింది. తల స్టీరింగ్‌కి తగలకుండా బెల్టు కాపాడింది. నాన్న షాద్‌నగర్‌లో రైలు దిగి వెనక్కొచ్చారు.

నేను ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చేసరికి కారు లేదు. బాబాయి ఎవరికో తుక్కు కింద ఇచ్చేశాడు. గేటు లోపల కారు నిలబడే చోటికి తులసికోట జరిపి పెట్టారు. దాని కింద నేల మీద ఆయిల్ మరక మాత్రం మిగిలింది. డ్యాష్‌బోర్డు అరలో ఉండాల్సిన తాతయ్య కళ్లజోడు పెట్టె, బాలమురళి క్యాసెట్లు, నేను లైబ్రరీ నుంచి తెచ్చుకున్న పుస్తకం అన్నీ దాంతోపాటే పోయాయి. నా మంచి కోరే చేశారు, అందులో నాకు అనుమానం లేదు. కానీ ఆ తర్వాత మా ఇంట్లో ఆ కారు పేరెత్తితే చాలు, “మళ్లీ ఎందుకా మాట, ప్రాణం దక్కింది” అని ఎవరో ఒకరు ఆపేసేవారు. తాతయ్యా నేనూ సాయంత్రాలు అదే వరండాలో పక్కపక్కనే కూర్చునేవాళ్లం. దాని కోసం ఇద్దరికీ లోపల ఏడుపే. ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు. ఆయన పోయేదాకా మాట్లాడుకోలేదు.

ఆ ఏడే అన్నయ్య ట్యాంక్‌బండ్ మీద బైకు స్కిడ్ చేసి కాలు విరగ్గొట్టుకున్నాడు. దసరాకి వాడికి కొత్త బైకు వచ్చింది. నాకు మాత్రం డ్రైవింగ్ మాన్పించారు. సిగ్నల్ దగ్గర ఆగి ఉన్న నన్ను వెనక నుంచి గుద్దారన్నది అందరికీ తెలుసు, అయినా ఊరంతా “ఆడపిల్ల చేతికి బండిస్తే ఇంతే” అనే అంది. ఇంట్లోవాళ్లు అనలేదు కానీ దాని ప్రకారమే నడిచారు. మళ్లీ స్టీరింగ్ పట్టుకునేటప్పటికి నాకు ముప్పై దాటాయి. అదే కారు కొత్తది కొనుక్కుందామన్నా అప్పటికి లేదు. బీఎస్-4 నిబంధన వచ్చి 2010 ఏప్రిల్ నుంచే హైదరాబాద్‌లో కొత్త మారుతీ 800 అమ్మకాలు ఆగిపోయాయి, 2014 జనవరిలో తయారీయే ఆపేశారు.

దుఃఖం సంగతి పక్కన పెట్టినా, కారును అలా హడావుడిగా వదిలించుకోవడం వల్ల మేం పోగొట్టుకున్నది ఇంకొకటుంది. మా పాత కారుకి ఉన్నది థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ మాత్రమే, దాంతో మాకు పైసా రాదు. అక్కడితో మా వాళ్లు వదిలేశారు. కానీ గుద్దిన బండికీ ఇన్సూరెన్స్ ఉంటుంది కదా. అది మనుషులకు తగిలిన దెబ్బలకే కాదు, ఎదుటివాళ్ల వాహనానికి జరిగిన నష్టానికీ వర్తిస్తుంది. మోటారు ప్రమాదాల క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌లో ఆ నష్టం కూడా అడగొచ్చు. అడగాలంటే ఎఫ్ఐఆర్ కాపీ కావాలి, మోటారు వెహికల్ ఇన్‌స్పెక్టర్ (ఎంవీఐ) రిపోర్టు కావాలి, ఫొటోలు, మరమ్మతుకు ఎంతవుతుందో అంచనా కావాలి. అన్నిటికంటే పెద్ద సాక్ష్యం ఆ కారే. దాన్ని తుక్కుకి వేసేశాక ఏం చూపిస్తాం? ఇప్పుడు గడువు కూడా వచ్చింది: 2019 సవరణ చట్టం ట్రిబ్యునల్‌కి వెళ్లడానికి ప్రమాదం జరిగిన నాటి నుంచి ఆరు నెలలే ఇచ్చింది, 2022 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లో ఉంది. ఇక బండి పూర్తిగా పాడైపోతే మోటారు వాహనాల చట్టం 55వ సెక్షన్ ప్రకారం 14 రోజుల్లో ఆర్టీఏకి తెలియజేసి ఆర్సీ అప్పగించాలి. మా ఆర్సీ మాత్రం ఏళ్ల తరబడి బీరువాలోనే ఉండిపోయింది. బండి లేదు, దాని నంబరు మాత్రం తాతయ్య పేరు మీద బతికే ఉంది. ఆ నంబరు ప్లేటు ఎవరి చేతిలో పడుంటుందోనన్న ఆలోచన వచ్చినప్పుడల్లా నాకిప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

ఈ పనులన్నీ పెద్దవాళ్లు చెయ్యాల్సినవే. పక్కన ఆ పిల్లని కూడా కూర్చోబెట్టుకోండి అన్నదే నా మాట. పద్దెనిమిది నిండింది, లైసెన్సు ఉంది, ఓటుంది. తన కారు ఎలా నలిగిందో, తనని ఏది కాపాడిందో, తప్పు ఎవరిదని పోలీసులు రాశారో తెలుసుకునే హక్కు అందరికంటే ముందు తనకే ఉంది. 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి. 1,68,491 మంది చనిపోయారు, 4,43,366 మంది గాయపడ్డారు. చనిపోయినవారి గురించి పేపర్లో వస్తుంది, రావాలి కూడా. గాయపడి ఇల్లు చేరిన లక్షల మందిలో మళ్లీ రోడ్డు మీదికి వచ్చిందెవరు, ఇంట్లోనే ఆగిపోయిందెవరు అన్నది ఎవరూ అడగరు. ఆగిపోయినవాళ్లలో ఆడపిల్లలే ఎక్కువని నా నమ్మకం. నా ఈడు స్నేహితురాళ్లను చూసే అంటున్నాను.

చూస్తే భయం ఇంకా పెరుగుతుందేమో అంటారు. పెరగొచ్చు. బలవంతపెట్టమనడం లేదు. నొప్పి తగ్గాక, వస్తావా అని అడగండి. రానంటే సరే. కానీ చూడని కారు కూడా భయపెడుతుంది. నేను చూడలేదు కనక ఆ కారు ఎంతగా నలిగిందో నా మనసు తోచినట్టు కల్పించుకుంటూనే పోయింది, ఏళ్ల తరబడి రాత్రిళ్లు మెలకువ వచ్చినప్పుడల్లా. నలిగిన డిక్కీని, చెక్కుచెదరని బెల్టును ఒక్కసారి కళ్లారా చూసి ఉంటే అది అక్కడితో ఆగేది.

రెండో అంతస్తు వాళ్లు శనివారాన్ని వాయిదా వేశారు. నాన్నా కూతురూ కలిసి షెడ్డుకి వెళ్లారు. అమ్మాయి చాలాసేపు ఏడ్చిందట, తర్వాత ఫోన్ తీసి నాలుగు వైపులా ఫొటోలు తీసుకుందట, అరలోంచి తన సామాన్లన్నీ తెచ్చుకుందట. డీసీఎం మీద క్లెయిమ్ వెయ్యడానికి లాయరుతో మాట్లాడుతున్నారు. కట్టు విప్పాక మళ్లీ నడుపుతానంటోంది, వాళ్లమ్మగారు మాత్రం ఇంకా ససేమిరా అంటున్నారు. ఆదివారం పొద్దున్నే నా కారు ఖాళీగా ఉంటుందని, పక్క సీట్లో నేను కూర్చుంటానని ఆవిడకి చెప్పి వచ్చాను.