తుపాకీకి తాళం, పిల్లల మాటకు చెవి



మన కుటుంబాలలో చాలామందికి అమెరికాలో కొడుకో, కూతురో, మనవలో ఉన్నారు. అక్కడ ఏదో బడిలో కాల్పులు జరిగాయని టీవీలో వస్తే, ఇక్కడ ఫోను పట్టుకుని కంగారుపడేది మనమే. అందుకే ఈ విషయం మీతో మాట్లాడదలచాము.

2012లో కనెక్టికట్ రాష్ట్రంలోని శాండీ హుక్ పాఠశాలలో 20 మంది, 2022లో టెక్సాస్‌లోని యువాల్డేలో 19 మంది చిన్నపిల్లలు తుపాకీ గుండ్లకు బలయ్యారు. ప్రతిసారీ అక్కడ అదే వాదన. తుపాకులు తగ్గించాలని కొందరు, తుపాకీ ఉంచుకోవడం రాజ్యాంగం ఇచ్చిన హక్కు అని కొందరు, టీచర్లకే తుపాకులు ఇవ్వాలని మరికొందరు అంటారు. యువాల్డేకు 376 మంది పోలీసులు చేరుకున్నారు. అయినా హంతకుణ్ణి ఆపడానికి 77 నిమిషాలు పట్టింది. శిక్షణ పొందినవారి వల్లే కానిది, పాఠం చెప్పే టీచరు వల్ల అవుతుందా?

జబ్బు వచ్చాక చేసే వైద్యం కన్నా రాకుండా చూసుకోవడం మేలని నర్సులుగా మేము రోజూ చెబుతాము. ఇక్కడా అంతే. అమెరికా సీక్రెట్ సర్వీస్, విద్యాశాఖ కలిసి బడులలో జరిగిన 37 దాడులను పరిశీలించి 2002లో నివేదిక ఇచ్చాయి. వాటిలో ఎక్కువ దాడుల సంగతి ముందే ఎవరో ఒకరికి, సాధారణంగా తోటి పిల్లలకు, తెలుసు. దాడి చేసినవారిలో ఎక్కువమందికి తుపాకీ దొరికింది సొంత ఇంట్లోనో, బంధువుల ఇంట్లోనో.

2021 నవంబరు 30న మిచిగాన్‌లోని ఆక్స్‌ఫర్డ్ హైస్కూలులో 15 ఏళ్ల బాలుడు నలుగురు విద్యార్థులను చంపాడు. ఆ తుపాకీ కొన్ని రోజుల ముందు తండ్రి కొన్నది. ఆ ఉదయమే బాలుడు గీసిన బొమ్మ చూసి బడివారు తల్లిదండ్రులను పిలిపించారు. వారు పిల్లవాణ్ణి ఇంటికి తీసుకువెళ్లలేదు, బడివారూ తరగతికి పంపేశారు. 2024లో తల్లిదండ్రులిద్దరికీ జైలు శిక్ష పడింది. పిల్లలున్న ఇంట్లో తుపాకీకి తాళం వేయాలని మిచిగాన్ 2023లో చట్టం చేసింది. అలాంటి చట్టం అన్ని రాష్ట్రాలలోనూ ఉండాలని మా అభిప్రాయం. తాళం వేయమనడం తుపాకీ లాక్కోవడం కాదు. పురుగుమందు డబ్బా పిల్లలకు అందకుండా పెట్టమంటే రైతును పొలం మానేయమన్నట్లా?

ఈసారి ఫోను చేసినప్పుడు మీవాళ్లకు రెండు మాటలు చెప్పండి. మనవణ్ణి స్నేహితుల ఇంటికి ఆడుకోవడానికి పంపేముందు, ఆ ఇంట్లో తుపాకీ ఉందా, తాళం వేసి ఉందా అని మొహమాటపడకుండా అడగమనండి. బడిలో ఎవరైనా "చంపుతాను", "చస్తాను" అంటే అది చాడీ అనుకోకుండా పెద్దవాళ్లకు చెప్పమని పిల్లలకు నేర్పమనండి. పిల్లలు చెప్పేది వినే తీరిక మన ఇళ్లలోనూ ఉండాలి.