మానిఫోల్డ్ వెచ్చగా, కార్బురేటర్ చల్లగా

ఉత్తరపరా ఫ్యాక్టరీలో అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. ఆ కారును ప్రాణంగా చూసుకుంటూ, ఇంజిన్ దింపించి పూర్తిగా కట్టించుకునేవాళ్లు మాత్రం ఇప్పటికీ ఉన్నారు. బోరు, పిస్టన్లు, క్రాంకు గురించి ఎంతో ఆలోచించేవాళ్లు కూడా, గాలీ పెట్రోలూ కలిసి లోపలికి వెళ్లే ఇన్‌టేక్ మానిఫోల్డ్ దగ్గరికొచ్చేసరికి అక్కడ వేడి ఎంత తగ్గితే అంత మంచిదని తేల్చేస్తారు. ఇది సగం నిజం. తగ్గించాల్సింది కార్బురేటర్ వేడిని. మానిఫోల్డ్ వేడిని కాపాడుకోవాలి. ఈ తేడా చూడకుండా చేసే పని, కొత్తగా కట్టిన ఇంజిన్ ఆయుష్షునే తగ్గిస్తుంది.

అంబాసిడర్‌లో దశాబ్దాలపాటు నడిచిన 1489 సీసీ బీఎంసీ బి-సిరీస్ ఇంజిన్‌లో ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ రెండూ హెడ్‌కు ఒకే పక్కన ఉంటాయి కాబట్టి ఎగ్జాస్ట్ వేడి ఇన్‌టేక్‌కు తగులుతుంది. రెండేసి సిలిండర్లకు కలిపి ఒక్కో ఇన్‌టేక్ దారి. కార్బురేటర్ పెట్రోలును తుంపరగా మాత్రమే చేస్తుంది. ఆ తుంపర ఆవిరి కావాలంటే వేడి కావాలి. దాన్ని చుట్టూ ఉన్న గాలి నుంచి, లోహం నుంచి లాక్కుంటుంది. సూదిమందుకు ముందు స్పిరిట్ రాస్తే చర్మం చల్లబడేది ఇందుకే. మానిఫోల్డ్ చల్లగా ఉంటే పెట్రోలు గోడలకు అంటుకుని ధారలు కడుతుంది. ఒక సిలిండర్‌కు ఎక్కువ, ఇంకోదానికి తక్కువ అందుతుంది. ఆవిరి కాని పెట్రోలు సిలిండర్ గోడల మీది ఆయిల్‌ను కడిగేసి, కిందికి జారి ఇంజిన్ ఆయిల్‌ను పలచన చేస్తుంది. కొత్త రింగులు బోరుకు సర్దుకునే రోజుల్లో ఇంతకంటే పెద్ద చేటు ఉండదు. పాతకాలపు అమెరికన్ వీ8 ఇంజిన్లలో ఎగ్జాస్ట్ వాయువును కార్బురేటర్ కిందుగా నడిపే దారిని పనిగట్టుకుని పోత పోశారు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు వాయువును అటు మళ్లించేందుకు స్ప్రింగు వాల్వు కూడా పెట్టారు. ఆ వాల్వు అటు మళ్లించే స్థితిలోనే బిగుసుకుపోతే వేడి మితిమీరుతుంది. అప్పుడు చేయాల్సింది వాల్వును బాగుచేయడం. దారి మూసేయడం కాదు.

చల్లగాలి చిక్కగా ఉంటుంది, పికప్ పెరుగుతుంది కదా అంటారు. నిజమే, గాలి 10 డిగ్రీలు చల్లబడితే సాంద్రత సుమారు 3 శాతం పెరుగుతుంది. కానీ ఆ లాభం దక్కేది యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడే. పందేల కారుకు అది ముఖ్యం. ఆదివారం పూట నింపాదిగా నడిచే పాత కారులో గాలిని ఎలాగూ థ్రాటిలే ఆపుతుంది. కొత్త కార్లలో ఈ వేడి లేదుగా అన్నది ఇంకో వాదన. వాటిలో చాలావరకు ఇంజెక్టర్లు పెట్రోలును వాల్వు దగ్గరే, లేదా నేరుగా సిలిండర్‌లోనే చిమ్ముతాయి. మానిఫోల్డ్‌లో నడిచేది గాలి ఒక్కటే కాబట్టి ప్లాస్టిక్‌తో చేసినా చెల్లుతుంది.

మన ఎండలకు వేరే వేడి ఎందుకన్న ప్రశ్న వీటికంటే బలమైనది. విజయవాడ మే నెలలో ఇబ్బంది నిజమే, కానీ అది పుట్టేది కార్బురేటర్‌లో. పెట్రోలులోని తేలిక భాగాలు దాదాపు 40 డిగ్రీలకే మరగడం మొదలుపెడతాయి. బండి ఆపగానే ఎగ్జాస్ట్ వేడి పైకెక్కి ఫ్లోట్ గిన్నెలో పెట్రోలు మరుగుతుంది, ఇంజిన్ మళ్లీ స్టార్ట్ కాదు. ఇక ఇప్పుడు బంకుల్లో దొరికే పెట్రోలులో 20 శాతం ఇథనాల్. అది ఆవిరి కావడానికి పెట్రోలుకంటే రెట్టింపుకు మించిన వేడి కావాలి. కాబట్టి మానిఫోల్డ్ వెచ్చదనం అవసరం మునుపటికంటే పెరిగింది. లంబసింగి, అరకు చలికాలపు ఉదయాల్లో అయితే చెప్పనక్కర్లేదు.

అందుకే ఇంజిన్ కట్టేటప్పుడు వేడి వెళ్లే దారుల్లోని మసిని శుభ్రం చేయించాలి, వాటిని మూయించకూడదు. రెండు మానిఫోల్డ్‌లూ హెడ్‌కు సమంగా ఆనేలా ఫేసింగ్ చేయించాలి; లేకపోతే సందులోంచి గాలి దూరి మిశ్రమం పలచబడుతుంది. కార్బురేటర్ కింద వేడి సాగని దళసరి ప్యాకింగ్, ఎగ్జాస్ట్‌కు అడ్డంగా రేకు పెట్టించి, పెట్రోలు పైపును దూరంగా తిప్పించాలి. ఇంజిన్ మొత్తం ఖర్చులో ఇవి చాలా చిన్నవి. బిల్లు కట్టేముందు యజమాని రెండు సంగతులు చూసుకోవాలి: ఇంజిన్ నడుస్తుంటే మానిఫోల్డ్ త్వరగా వెచ్చబడుతోందా, ఆపి పావుగంట ఆగాక ఒక్క సెల్ఫ్‌కే మళ్లీ అందుకుంటోందా. రెండూ జరిగితేనే పని పూర్తయినట్టు.