చేతులు కాలాక శ్వేతపత్రం

మన తెలుగువాళ్ళకి ఇప్పుడు రెండు ప్రభుత్వాలు, రెండు ఖజానాలు. ఈ ఖజానాల మీద అప్పెంత ఉందో చెప్పమంటే మాత్రం ఒక్కొక్కదానికి రెండేసి, మూడేసి జవాబులు వస్తాయి. చెప్పేవాడు కూర్చున్న కుర్చీని బట్టి అంకె మారుతుంది. ఇక్కడ ఫ్లాట్ బుష్‌లో మనవాళ్ళు నలుగురు చేరిన ఏ విందులోనైనా పులిహోర వడ్డించే వేళకి ఈ వాదం లేస్తుంది, పెరుగన్నం దగ్గరికి వచ్చినా తెగదు. ఆ వాదంలో ఒక పక్షాన చేరటానికి ఈ నాలుగు మాటలు రాయటం లేదు. అది ఎందుకు తెగటం లేదో చెప్పి, తెగే దారి మనం ఉంటున్న ఈ దేశంలోనే ఉందని మనవి చెయ్యటానికి రాస్తున్నాను.

ముందు తెలంగాణ లెక్క చూద్దాం. 2023 నవంబరు 30న పోలింగు జరిగింది. డిసెంబరు 3న ఫలితాలు వచ్చాయి. కొత్త ప్రభుత్వం డిసెంబరు 20న శాసనసభలో శ్వేతపత్రం పెట్టి, రాష్ట్రం అప్పు 6,71,757 కోట్ల రూపాయలని ప్రకటించింది. నాలుగు రోజులకి ఓడిపోయిన పార్టీ “స్వేదపత్రం” అని పేరు పెట్టి తన లెక్క విడుదల చేసింది. తమ హయాంలో చేసిన అప్పు 3,17,015 కోట్లేనంది. శ్లేష బాగుంది. కాని ఒకే రాష్ట్రానికి, ఒకే నెలలో, ఒక అంకె రెండోదానికి రెట్టింపు కంటె పెద్దదిగా ఉంటే సామాన్యుడు దేన్ని నమ్మాలి?

చిత్రమేమంటే రెండు లెక్కల్లోనూ కూడికలు, తీసివేతలు సరిగ్గానే ఉన్నాయి. శ్వేతపత్రాన్ని విడగొట్టి చూడండి. ప్రభుత్వం తన పేరున చేసిన అప్పు 3,89,673 కోట్లు. కార్పొరేషన్ల పేరున చేసి, ప్రభుత్వం పూచీపడి, ప్రభుత్వమే తీరుస్తున్నది 1,27,208 కోట్లు. ప్రభుత్వం పూచీపడగా కార్పొరేషన్లు తీర్చవలసినది 95,462 కోట్లు. పూచీ లేకుండా ఆ సంస్థలు తెచ్చుకున్నది 59,414 కోట్లు. నాలుగూ కలిపితే 6,71,757. స్వేదపత్రం వారు మొదటి పద్దు ఒక్కటే పట్టుకుని, రాష్ట్రం పుట్టినప్పుడు సంక్రమించిన 72,658 కోట్లు అందులోంచి తీసేశారు. 3,17,015 మిగిలింది. అంటే తగాదా లెక్కల్లో లేదు, దేన్ని అప్పు అనాలన్న దాంట్లో ఉంది. ఆ సంగతి ఓట్లు పడకముందు ఎవరూ తేల్చలేదు.

మనలో ఇక్కడ ఇల్లు కొన్నవాళ్ళకి ఈ తగాదా తేలిగ్గా అర్థమవుతుంది. బ్యాంకు వాడు ఏమడిగాడు? కారు అప్పు, క్రెడిట్ కార్డు పరిమితి, చివరికి బావమరిది అప్పుకి మనం పెట్టిన పూచీ సంతకం కూడా అడిగాడు. “అది బావమరిది పేరున ఉంది, నా లెక్కలోకి రాదు” అంటే ఒప్పుకున్నాడా? పైగా బావమరిదికి ఉద్యోగం లేదు, నెలనెలా వాయిదా మనమే కడుతున్నాం అని తెలిస్తే ఏమనేవాడు? మన రాష్ట్రాల కార్పొరేషన్లలో చాలావాటి పరిస్థితి ఆ బావమరిదిదే. కాళేశ్వరం ప్రాజెక్టుకి ఒక కార్పొరేషన్ పెట్టి దాని పేరున భారీగా అప్పులు తెచ్చారు. సాగునీరు అమ్మి వాయిదాలు కట్టేటంత ఆదాయం ఆ సంస్థకి ఎక్కణ్ణుంచి వస్తుంది? 2023 అక్టోబరులో మేడిగడ్డ బ్యారేజీ స్తంభాలు కుంగాయి. అప్పు మాత్రం కుంగలేదు, నిటారుగానే నిలబడి ఉంది.

ఇది తెలంగాణ జబ్బేనని ఆంధ్ర సోదరులు సంబరపడనక్కరలేదు. 2020లో అక్కడ రాష్ట్రాభివృద్ధి కార్పొరేషన్ ఒకటి పెట్టి, మద్యం మీద వచ్చే అదనపు సుంకాన్ని చూపించి బ్యాంకుల దగ్గర అప్పు తెచ్చారు. ఖజానాకి రావలసిన పన్ను ఖజానాలో పడకముందే తాకట్టు పెట్టినట్లయింది. బడ్జెట్టు నుంచి తీర్చే ఇలాంటి అప్పుల్ని రాష్ట్రం సొంత అప్పులుగానే లెక్కిస్తామని 2022లో కేంద్రం గిరి గీసింది. 2024 మే 13న పోలింగు. ప్రచార సభల్లో అప్పు పద్నాలుగు లక్షల కోట్లన్న మాట వినబడింది. గెలిచాక జులై 26న పెట్టిన శ్వేతపత్రంలో 9.74 లక్షల కోట్లయింది. అదీ ఎక్కువ చేసి చెప్పిందేనని ఓడినవారన్నారు. ఆ ఏటి పూర్తి బడ్జెట్టు నవంబరు 11న గాని రాలేదు. ఖజానా తాళాలు చేతికి వచ్చిన పార్టీకే అయిదు నెలలు పడితే, పోలింగు బూతు ముందు వరుసలో నిలబడ్డ రైతుకి ఏం తెలుస్తుంది? అయినా అక్కడ “ఆరు గ్యారంటీలు”, ఇక్కడ “సూపర్ సిక్స్” ప్రకటించటానికి ఎవరికీ లెక్క అవసరం కాలేదు. పెళ్ళి అయిపోయాక జాతకాలు చూస్తున్నాం మనం.

ఇక్కడ మనవాళ్ళు తప్పకుండా అనే మాట ఒకటుంది: “ఈ ఉచితాలే కొంప ముంచుతున్నాయండీ!” ఇంత సౌకర్యంగా కూర్చుని ఈ మాట అనటం నాకు సబబుగా తోచదు. ఆంధ్రలో 2024 జులై నుంచి వృద్ధాప్య పింఛను నెలకి 4,000 రూపాయలు. మన లెక్కలో ఎనభై డాలర్లకి అటూ ఇటూ. ఈ దేశంలో అరవై అయిదు నిండిన ఒంటరి మనిషికి ప్రభుత్వం వారానికి అయిదు వందల డాలర్ల పైచిలుకు ఇస్తుంది. ఆస్తి ఎంతని అడగదు. చలికాలం వస్తే పెద్దలకి కరెంటు ఖర్చుకి వేరే ఇస్తుంది. పధ్నాలుగేళ్ళ లోపు పిల్లలకి చాలా క్లినిక్కుల్లో డాక్టరు ఫీజు ఉండదు. వీటిని మనం “హక్కు” అంటాం, కృష్ణా జిల్లాలో ముసలమ్మకి ఇస్తే “ఉచితం” అంటాం! మనలో చాలామంది చదువులు కూడా ప్రభుత్వ కళాశాలల్లో నామమాత్రపు ఫీజులతోనో, ఫీజు రీయింబర్సుమెంటుతోనో సాగినవే. ప్రభుత్వం ఏది ఇచ్చినా ఇవ్వవచ్చు. దానికి ఎంతవుతుంది, ఎక్కణ్ణుంచి తెస్తారు, ఏది మానుకుంటారు అన్నవి ముందే చెప్పాలి. నా తగాదా అక్కడ.

అప్పుల్లో కనబడని రకం మరొకటి ఉంది. అది చెల్లించని బిల్లు. మన రాష్ట్రాల పద్దుల్లో డబ్బు చేతులు మారిన రోజే ఖర్చు రాస్తారు. పని పూర్తయి, బిల్లు వచ్చి, సొరుగులో పడి ఉంటే ఆ ఏటి ఖర్చు కానే కాదు. అందుచేత లోటు తగ్గించి చూపటానికి సులువైన ఉపాయం ఎవరికో ఒకరికి డబ్బు ఆపటమే. ఆ ఎవరో ఒకరు కాంట్రాక్టరు కావచ్చు, ఆరోగ్యశ్రీ ఆస్పత్రి కావచ్చు, రిటైరైన బడిపంతులు కావచ్చు. మన తల్లిదండ్రుల్లో ఎంతమంది పి.ఎఫ్. కోసం, కరువు భత్యం బకాయిల కోసం ట్రెజరీ చుట్టూ తిరిగారో మనకి తెలుసు. 2025-26 బడ్జెట్టులో ఆంధ్ర 33 వేల కోట్లకి పైగా రెవెన్యూ లోటు చూపింది. అనగా జీతాలు, పింఛన్లు, వడ్డీల వంటి రోజువారీ ఖర్చుకే అంత అప్పు కావాలన్నమాట. తెలంగాణ అదే ఏడాదికి 2,738 కోట్ల మిగులు చూపింది. సొరుగులో ఉన్న బిల్లులెన్నో తెలియనిదే ఈ లోటూ, ఆ మిగులూ దేనితో తూచాలి?

మరి దారి? ఈ దేశంలో 1990 అక్టోబరులో ఎన్నికలు జరిగాయి. మిగులు వస్తుందని పాత ప్రభుత్వం చెప్పింది. కొత్త ప్రభుత్వం వచ్చి చూస్తే లోటు, పైగా బ్యాంక్ ఆఫ్ న్యూజిలాండ్‌ని వెంటనే ఆదుకోకపోతే కూలిపోయే స్థితి. మన శ్వేతపత్రాల కథే. అయితే ఇక్కడివారు తిట్టుకుని ఊరుకోలేదు. అప్పటి ఆర్థిక మంత్రి రూత్ రిచర్డ్‌సన్ పూనికతో మొదలైన ప్రయత్నం 1994లో ఆర్థిక బాధ్యతా చట్టమయింది. ఆ నిబంధనలు తర్వాత పబ్లిక్ ఫైనాన్స్ చట్టంలో కలిశాయి. వాటి ప్రకారం పోలింగుకి ఇరవై నుంచి ముప్ఫై పనిదినాల ముందు ట్రెజరీ దేశం జమాఖర్చులు, అప్పులు, రాబోయే ఏళ్ళ అంచనాలు బయటపెట్టి తీరాలి. పూచీలు, ఇంకా తేలని బాధ్యతలు కూడా అందులో ఉండాలి. చెల్లించని బిల్లు ఇక్కడి పద్దుల్లో బాకీగానే కనబడుతుంది. ట్రెజరీ కార్యదర్శి తన వృత్తి ధర్మం ప్రకారం ఈ లెక్క వేశానని సంతకం పెడతాడు. మంత్రి తన నిర్ణయాలేవీ దాచలేదని సంతకం పెడతాడు. 2023లో ఈ పత్రం సెప్టెంబరు 12న వచ్చింది, పోలింగు అక్టోబరు 14న జరిగింది.

దీనితో రాజకీయ నాయకులు సత్యహరిశ్చంద్రులైపోయారని కాదు. 2017 ఎన్నికల్లో ఎదుటి పార్టీ ప్రణాళికలో 1,170 కోట్ల డాలర్ల చిల్లు ఉందని ఆర్థిక మంత్రి ఆరోపించాడు. కాని పుస్తకాలు అందరి ముందూ ఉన్నాయి గనుక ఆర్థికవేత్తలు కూర్చుని లెక్కలు సరిచూశారు. చాలామంది చిల్లు లేదని పోలింగుకి ముందే చెప్పేశారు. తేడా అదే. ఆస్తుల అమ్మకం సంగతీ చూడండి. విమానాశ్రయంలో వాటాలు అమ్మాలనుకున్నప్పుడు ఆక్లండ్ కౌన్సిల్ తన బడ్జెట్టు ప్రతిపాదనల్లో పెట్టి మనందరి అభిప్రాయం అడిగింది. హైదరాబాదు ఔటర్ రింగు రోడ్డు ముప్ఫై ఏళ్ళ టోలు హక్కుని 2023లో, ఎన్నికల ఏడాదిలో, 7,380 కోట్లకి ఇచ్చేశారు. రాబోయే ఆరు ప్రభుత్వాల ఆదాయం ఒక ప్రభుత్వం చేతిలో పడింది. అక్కడ మనవాళ్ళని ఎవరడిగారు?

చట్టాలు మనకీ లేకపోలేదు. ఉమ్మడి రాష్ట్రం 2005లోనే ఆర్థిక బాధ్యతా చట్టం చేసింది. లోటుకి, పూచీలకి హద్దులు పెట్టింది. హద్దు అడ్డమైనప్పుడల్లా సవరణతో జరుపుకున్నారు. కాగ్ నెలనెలా రాష్ట్రాల లెక్కలు ప్రకటిస్తూనే ఉంది గాని అందులో బావమరిది అప్పూ కనబడదు, సొరుగులో బిల్లూ కనబడదు. కావలసింది ఒక్క అధ్యాయం: పోలింగుకి నెల ముందు, కార్పొరేషన్ల అప్పులు, పూచీలు, చెల్లించని బిల్లులతో సహా మొత్తం పద్దు ఆర్థిక శాఖ కార్యదర్శి సంతకంతో తెలుగులో ప్రకటించాలి. మంత్రి కింద పనిచేసే అధికారి నిజం రాస్తాడా అని సందేహం రావచ్చు. సంతకం పెట్టిన అంకెని ఆర్నెల్లలో కాగ్ తనిఖీ చేస్తుందని అదే చట్టంలో రాస్తే, కలం కాస్త జాగ్రత్తగా కదులుతుంది.

“మనకి అక్కడ ఓటే లేదు, మనకెందుకు?” అనేవారికి ఒక్క మాట. ఓటు లేనివాళ్ళని వెతుక్కుంటూ నాయకులు ఆక్లండ్ దాకా వస్తూనే ఉన్నారు. మనం శాలువాలు కప్పుతున్నాం, ఫోటోలు దిగుతున్నాం, పెట్టుబడుల మీద ఉపన్యాసాలు వింటున్నాం. ఇకమీదట ఏ పార్టీవారు వచ్చినా, శాలువా కప్పేముందు మన సంఘం తరఫున ఒకే ప్రశ్న వెయ్యాలని ప్రతిపాదిస్తున్నాను: “వచ్చే ఎన్నికల్లో పోలింగుకి నెల ముందు మొత్తం లెక్క బయటపెట్టే చట్టం చేస్తారా, చెయ్యరా?” రెండు రాష్ట్రాల్లోనూ ఎన్నికలకి ఇంకా వ్యవధి ఉంది. అధికారంలో ఉన్నవారికి చెయ్యటానికి సమయముంది, ప్రతిపక్షంలో ఉన్నవారికి అడగటానికి అవకాశముంది. వచ్చే సర్వసభ్య సమావేశంలో దీన్ని తీర్మానంగా పెట్టమని కార్యవర్గాన్ని కోరుతున్నాను. కాదనేవారు తమ కారణాలు ఈ పత్రికకే రాయండి. పులిహోర దగ్గర వద్దు.