ఆ పిల్లవాని కొరకు నిలబడే 'తగిన వ్యక్తి' ఎవరు?



ఈ వారం నేను వ్రాస్తున్న సంగతి మనం బయటికి మాట్లాడుకోవడానికి ఇష్టపడనిది. మన ఇంటి యవ్వనస్తుడు పోలీసు కేసులో చిక్కుకుంటే సంఘం ఏమి చేయాలి? ప్రార్థన చేయాలి అని అందరం వెంటనే అంటాం. తప్పకుండా చేయాలి. అయితే మోకాళ్ల మీద నుండి లేచిన తరువాత ఆ పిల్లవాని కొరకు ఒక మనిషి వెళ్లి నిలబడాలి, మిగిలిన వారందరూ నోటికి కావలి పెట్టుకోవాలి. ఈ రెండూ లేని ప్రార్థన సగమే అని నా అభిప్రాయం.

మన పల్లెల పిల్లలు పని కోసం హైదరాబాదు పోతే బస్సు దిగేది గౌలిగూడ దగ్గరే. పెద్దవారికి గౌలిగూడ బస్టాండు అంటే ఆ పెద్ద రేకుల షెడ్డు గుర్తుకొస్తుంది. నిజాం కాలం నాటి ఆ షెడ్డు 2018 జులైలో కూలిపోయింది. ఇప్పుడు బస్సులు ఆగేది ఆ పక్కనే, మూసీ దగ్గర ఇమ్లీబన్‌లో. అక్కడి నుండి బేగంబజారు, ఉస్మాన్‌గంజ్, కోఠి అన్నీ నడిచిపోయే దూరమే. గోదాములో మూటలు మోసే పని, హోటల్లో బల్లలు తుడిచే పని, దుకాణంలో సామాను అందించే పని దొరుకుతుంది. పదిహేడేండ్ల వాని చేతికి మొదటిసారి జీతం వస్తుంది. పక్కన తల్లిదండ్రులు ఉండరు, ఆదివారం పూట గుడికి రమ్మని పిలిచేవారు ఉండరు. సావాసం ఎటు లాగితే అటు. ఒక సెల్‌ఫోను, ఒక బైకు, ఒక కొట్లాట చాలు, ఒక రాత్రి స్టేషను నుండి ఊరికి ఫోను వస్తుంది.

అప్పుడు ఇంటివారు ఏం చేస్తారో మనకు తెలుసు. ఏడుస్తారు. ఎవరికీ తెలియకుండా దాస్తారు. 'నేను విడిపిస్తాను, డబ్బు పంపండి' అన్నవాడి మాట నమ్మి వడ్డీకి తెస్తారు. తరువాత ఆ తల్లి ఆరాధనకు రావడం మానేస్తుంది.

ప్రియులారా, తెలియకపోవడం వల్ల ఎవరూ నష్టపోకూడదు గనుక చట్టం ఏమంటుందో కొంచెం వినండి. నేరం జరిగిన రోజుకు పద్దెనిమిదేండ్లు నిండని వారికి 2015 నాటి జువైనల్ జస్టిస్ చట్టం వర్తిస్తుంది. ఆ పిల్లవాణ్ణి పోలీసు లాకప్పులో గాని, జైలులో గాని ఉంచకూడదు. ప్రయాణ సమయం కాక 24 గంటల లోపు జువైనల్ జస్టిస్ బోర్డు ముందు నిలబెట్టాలి. ఆ బోర్డులో ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సమాజ సేవకులు ఉంటారు. ఆ ఇద్దరిలో ఒకరైనా స్త్రీ అయి ఉండాలి. తల్లిదండ్రులకు కబురు చేయడం పోలీసుల బాధ్యత. వకీలును ప్రభుత్వమే ఉచితంగా ఇస్తుంది. న్యాయ సేవాధికార సంస్థ ఫోను నంబరు 15100, పిల్లల సహాయానికి 1098. వయసు రుజువుకు బడి ఇచ్చిన పుట్టిన తేదీ పత్రం గాని, పదవ తరగతి సర్టిఫికెట్టు గాని ముందు చూస్తారు, అవి లేకపోతే పంచాయతీ లేదా మున్సిపాలిటీ ఇచ్చిన జనన పత్రం. కాబట్టి ఏడుస్తూ బస్సెక్కే ముందు ఆ కాగితం వెంట తీసుకోండి.

ఇదే చట్టంలో నన్ను ఆపిన మాట ఒకటి ఉంది. పిల్లవాణ్ణి బెయిలు మీద పంపవచ్చు, లేదా ప్రొబేషన్ అధికారి పర్యవేక్షణలో ఉంచవచ్చు, లేదా ఒక 'తగిన వ్యక్తి' సంరక్షణలో పెట్టవచ్చు అంటుంది. ఎవరీ తగిన వ్యక్తి? ఆ బిడ్డ బాధ్యత తీసుకోవడానికి సిద్ధపడి, బోర్డు విచారించి సరే అన్న మనిషి. బయట మళ్లీ చెడ్డవారి చేతిలో పడతాడని బోర్డుకు అనిపిస్తే బెయిలు నిరాకరించవచ్చు. అంటే ఆ గదిలో అడిగే ప్రశ్న నేరం గురించి మాత్రమే కాదు. ఈ పిల్లవానికి బయట ఎవరున్నారు అని కూడా అడుగుతారు. దానికి జవాబు చెప్పవలసింది వకీలు కాదు, మనమే.

అపొస్తలుడైన పౌలు ఫిలేమోనుకు వ్రాసిన చిన్న పత్రిక చూడండి. ఒనేసిము తప్పే చేయలేదని పౌలు వాదించడు. అతడు అచ్చియున్నది ఏదైనా ఉంటే తన లెక్కలో వేయమని, తానే తీర్చుతానని స్వహస్తంతో వ్రాస్తాడు. తప్పును దాచలేదు, మనిషిని విడువలేదు. తగిన వ్యక్తి అంటే ఇదే.

అమెరికాలోని బోస్టన్ పట్టణంలో జాన్ అగస్టస్ అనే ఆయన ఉండేవాడు. చదువుకున్న వకీలు కాడు, చెప్పులు కుట్టి బ్రదికే మనిషి. 1841లో కోర్టుకు వెళ్లి, జైలుకు పోబోతున్న ఒక తాగుబోతుకు జామీను నిలిచాడు. మూడు వారాల తరువాత తిరిగి తీసుకొచ్చినప్పుడు మారిపోయిన ఆ మనిషిని చూసి జడ్జి పేరుకు ఒక్క సెంటు జరిమానా వేశాడు. చనిపోయేలోగా అగస్టస్ దాదాపు రెండు వేల మందికి అలా నిలబడ్డాడు. నేటి ప్రొబేషన్ పద్ధతి అక్కడ మొదలైంది. మన దేశంలో 1958లో వచ్చిన ప్రొబేషన్ చట్టం కూడా, యావజ్జీవ శిక్ష పడే నేరం కాకపోతే, ఇరవై ఒక్క ఏండ్ల లోపు వారిని జైలుకు పంపాలంటే కోర్టు కారణం వ్రాయాలి అంటుంది. పద్దెనిమిది నిండినవాడు నాంపల్లి కోర్టులో నిలబడినా వానికీ ఒక మనిషి కావాలి.

'పాస్టరుగారూ, ఇలా వెనకేసుకొస్తే పాపానికి ధైర్యం ఇచ్చినట్టు కాదా?' అని అడుగుతారు. మంచి ప్రశ్నే. నిలబడడం అంటే అబద్ధం చెప్పించడం కాదు. దొంగిలించినది ఉంటే తిరిగి ఇవ్వాలి. జక్కయ్య నాలుగంతలు ఇస్తానన్నాడు గదా. నష్టపోయినవారి ఇంటికి పదిమంది వెళ్లి కేసు వాపసు తీసుకోమని ఒత్తిడి చేయడం మన పని కాదు. ముఖ్యంగా ఒక ఆడపిల్లకు అన్యాయం జరిగిన కేసులో రాజీ పంచాయితీ పెట్టడం దేవుని యెదుట కూడా నేరమే. ముందు ఆమె కన్నీరు తుడవాలి. ఘోరమైన నేరాల్లో పదహారు దాటిన వారిని పెద్దవారిలా విచారించాలా అని బోర్డు పరిశీలిస్తుంది. దానికి మనం అడ్డుపడకూడదు. శిక్ష పడినా విడువకుండా వెళ్లి చూడడమే మన వంతు.

ఇక నోటి సంగతి. కేసులో ఉన్న పిల్లవాని పేరు, ఫోటో, బడి, ఊరు పత్రికలో గాని మరే మాధ్యమంలో గాని ప్రచురించకూడదు. అలా చేసినవారికి ఆరు నెలల వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా ఉంది. మరి మన వాట్సాప్ గ్రూపుల్లో ఏం జరుగుతోంది? 'ఫలానా సహోదరి కుమారుని కొరకు ప్రార్థించండి, పోలీసులు పట్టుకున్నారు' అని పెడతాం. అది ప్రార్థనాంశం కాదు, చాడీకి తొడిగిన తెల్లబట్ట. పేరు చెప్పకపోయినా దేవునికి తెలుసు.

చట్టం ఇంకొక మాట కూడా చెబుతుంది. పిల్లవానిగా విచారింపబడినవానికి ఆ నేరం వల్ల తరువాత ఏ అనర్హతా ఉండదు; అప్పీలు గడువు ముగిశాక, లేదా ప్రకటించబడిన తగిన సమయం తరువాత, ఆ రికార్డు తీసివేయాలి. మన పాపములను ఇక జ్ఞాపకం చేసుకోనని వాగ్దానం చేసిన దేవుణ్ణి ఆరాధించే మనం, పదేండ్ల తరువాత వాని పెండ్లి మాటలప్పుడు ఆ సంగతి తవ్వి తీయవచ్చునా?

క్రిస్మస్‌కు జైలుకు వెళ్లి కేకులు పంచుతాం, మంచిదే. కానీ మన బెంచీ మీద కూర్చున్న తల్లితో సైదాబాద్ అబ్జర్వేషన్ హోం వరకు బస్సులో తోడు వెళ్లడం అంతకంటె కష్టం. మన సంఘంలో ఇద్దరు పెద్దలు, స్త్రీల సమాజం నుండి ఒక సహోదరి ఈ పనికి ముందుకు రావాలని అడుగుతున్నాను. వాయిదా రోజున తోడు వెళ్లాలి, చార్జీలు సంఘపు కానుక నుండి ఇద్దాం. పిల్లవాడు తిరిగొచ్చాక పని చూపించాలి. ఆదివారం వాడు గుడి మెట్లెక్కితే వెనక్కి తిరిగి చూడకుండా పక్కన చోటు ఇవ్వాలి. సిద్ధమైనవారు కూడిక అయిన తరువాత నాతో ఒంటరిగా మాట్లాడండి.

ప్రభువు మిమ్మును, మీ బిడ్డలను కాపాడును గాక. ఆమేన్.