వాద్యమా, సాధనమా?

సింథసైజర్ల ప్రదర్శనములను దెరపైఁ జూచి, "అట్టి వాద్యము లేనిదే మాకు సంగీతము రాదు" అని మన విద్యార్థులు కొందఱు నిట్టూర్చుచున్నారు. దీనికి మేము సమ్మతింపఁజాలము.

అమెరికాలో రాబర్ట్ మూగ్ 1964లో లోకమునకుఁ జూపిన విద్యుద్వాద్యము ఒక్కమాఱు ఒక్క స్వరమునే పలికెడిది. వెండీ కార్లోస్ మూగ్ వాద్యముతోనే ఒక్కొక్క స్వరపంక్తిని వేఱుగ ముద్రించి, ఓపికతోఁ గూర్చి, 1968లో బాహ్ కృతుల రికార్డును వెలువరించిరి. 1970లో వచ్చిన మినీమూగ్ సైతము ఒక్కమాఱు ఒక్క స్వరమునే పలికెడిది. కూర్చిన నాదమును దాచుకొను శక్తియు దానికి లేదు.

నేఁటి యంత్రములు పెక్కు స్వరములను, వందలకొలఁది నాదములను ఇచ్చును. స్వరజ్ఞానమును, ఓర్పును మాత్రము ఇయ్యఁజాలవు. తల్లిదండ్రులారా, బిడ్డల కోరికను త్రోసిపుచ్చకుఁడు. ముందుగఁ బాఠశాలలోని హార్మోనియముపై ఒక యేఁడు సాధన చేయనిండు. ఆ పిమ్మటఁ గొనియిచ్చిన వాద్యము వ్యర్థము కాదు.